ఫైలు చేతిలో పెడితే డేటా ఇచ్చినట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఫలానా లైబ్రరీ పుస్తకాల జాబితా ఆన్‌లైన్లోకి వచ్చిందని మీ పేపర్లో అప్పుడప్పుడు వార్త వేస్తుంటారు, సంతోషమే. ఆ సైటు పాతబడి కొత్తదానికి మారేటప్పుడు పడే తిప్పలు మాత్రం ఎవరూ రాయరు, అందుకే మా కాలనీ లైబ్రరీ సంగతి చెప్తున్నా.

పాత సైటు చేసినవాళ్లు వెళ్తూ వెళ్తూ ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు (ఒక్కో వివరాన్నీ ట్యాగు అనే పేరు గుర్తుల మధ్య రాసి ఉంచే ఫైలు) ఇచ్చి పోయారు. కొత్త సైటు వర్డ్‌ప్రెస్ అనే సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌తో చేసింది. ఫైలు ఎక్కిస్తే అసలు ఎక్కలేదు. చూస్తే ఒక ప్రచురణకర్త పేరులో & గుర్తు ఉంది, ఎక్స్‌ఎంఎల్‌లో దాన్ని అలా నేరుగా పెట్టకూడదు. అది సరిచేశాక ఎక్కింది కానీ పుస్తకాల పేర్లు తప్ప ఇంకేం రాలేదు. రచయిత లేడు, సంవత్సరం లేదు, బీరువా నంబరు లేదు. అంతా పోయిందనుకుని రెండు రోజులు ఒకటే టెన్షన్.

పోలేదు, ఫైల్లోనే భద్రంగా ఉంది. ఎక్స్‌ఎంఎల్‌లో ట్యాగుల పేర్లు రాసినవాడి ఇష్టం. వర్డ్‌ప్రెస్‌లో ఇలాంటి అదనపు వివరాలు కస్టమ్ ఫీల్డులుగా (మనం అదనంగా చేర్చుకునే గడులుగా) పోస్ట్‌మెటా అనే వేరే టేబుల్లో ఉంటాయి. ఏ ట్యాగులోది ఏ ఫీల్డులో పడాలో ముందు ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి, దాన్నే మ్యాపింగ్ అంటారు, మా సైటు చేసిన కుర్రాడు అదే చేయలేదు (అడిగితే "మీరు చెప్పలేదుగా అంకుల్" అన్నాడు!).

మ్యాపింగ్ అయ్యాక తేదీలు తిరగబడ్డాయి. పుస్తకం కొన్న తేదీ 03-04-2009 అని ఉంటే మనకది ఏప్రిల్ 3, సైటు దాన్ని మార్చి 4 చేసింది. 12 దాటిన తేదీలుంటే తప్పు వెంటనే పట్టుబడేది, పట్టుబడనివే ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. ఇక పాత క్లర్కు గారు అనూ ఫాంట్‌లో కొట్టిన పుస్తక పరిచయాలైతే ఇంగ్లీషు అక్షరాల కలగాపులగంగా వచ్చాయి. ఆ ఫాంట్ యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరాన్ని తెలుగుగానే గుర్తించే పద్ధతి) కాదు, కన్వర్టర్‌తో మార్చాకే ఎక్కించాలి.

సైటు చేయించుకునే సంఘాలు, చిన్న పబ్లిషర్లు మొత్తం డబ్బు ఇచ్చేయకముందే ఓ పది పుస్తకాలు ఎక్కించమని చెప్పి, రిజిస్టరు పక్కన పెట్టుకుని ఒక్కో గడీ సరిచూసుకోండి. మీ టెక్నాలజీ పేజీలో కూడా దీని గురించి ఒకసారి వివరంగా రాయించండి. మాకింకా అనూ పరిచయాలు సగం మిగిలే ఉన్నాయి, ఆదివారాలు ఇద్దరం కూర్చుని మారుస్తున్నాం.

- ఒక లైబ్రరీ కమిటీ సభ్యుడు, తెనాలి