విషయం: చిత్రిక పిడి దిమ్మ గురించి మళ్లీ ఫిర్యాదు

కస్టమర్ కేర్ అధిపతి గారికి,

ఆ కుర్చీలో నిజంగా ఎవరో ఒకరు కూర్చున్నారనే నమ్మకంతో రాస్తున్నాను.

చెక్కను నున్నగా చేసే పాత ఇనుప చిత్రిక వెనక పిడి కోసం మీరమ్మే సగం చెక్కిన దిమ్మలో నార, అంటే చెక్కలోని గీతలు పోయే దిశ, నిలువుగా ఉంది. అది చిత్రిక అడుగుకు సమాంతరంగా, ముందు నుంచి వెనక్కి పోవాలి. లేకపోతే అరచేతి మీదికి వాలే కొమ్ము నార వెంబడే చీలి ఊడొస్తుంది. సరుకన్నాక తేడా రావడం మామూలే, దానికి నాకు కోపం లేదు.

కోపమంతా తర్వాత జరిగిన దానికి. ఫోనెత్తిన అమ్మాయి ఎంతో మర్యాదగా, ‘‘బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేశారా సార్?’’ అనడిగింది. చేత్తో తోసే పనిముట్టమ్మా అంటే, ‘‘అయితే ప్లగ్గు మార్చి చూడండి’’ అంది. ఫొటోలు పంపమన్నారు, పంపాను. చాట్‌లోకి వచ్చినాయన అవే ఫొటోలు మళ్లీ అడిగి, అవి అందగానే మాయమయ్యాడు. చివరికి ‘సాంకేతిక నిపుణుడు’ దొరికాడు. ‘‘బోల్టు గట్టిగా బిగించండి’’ అన్నాడు. ఏం బిగించమంటారు? పిడిని చిత్రికకు పట్టి ఉంచే మీ బోల్టు పొడవెక్కువ. చెక్కను పట్టకముందే నట్టులో మర అయిపోతుంది, పిడి ఊగుతూనే ఉంటుంది. ఆకురాయితో బోల్టు కొసను కాస్త అరగదీస్తే సరిపోతుందని ఆయనకు నేనే చెప్పాల్సొచ్చింది. పైగా మీ బెజ్జం వాలు బోల్టు వాలుకు కలవదు. బలవంతంగా బిగిస్తే పిడి మెడ దగ్గర పగులుతుంది.

ఆ సాయంత్రమే ‘మీ సమస్య పరిష్కరించబడింది, అయిదు నక్షత్రాలు ఇవ్వండి’ అని మెసేజీ! ఎవరి సమస్యండీ పరిష్కారమైంది?

ఉలులు, చిత్రిక బ్లేడ్లు, ఆకురాళ్లు ఏళ్ల తరబడి మీ దగ్గరే కొంటున్నాను. పని నేర్చుకునే కుర్రాళ్లకు మీ పేరే చెప్పాను. ఇకపైనా చెబుతాను, ఎలా చెబుతానన్నది మీ చేతిలోనే ఉంది.

మీ చెక్కుడు నాకక్కర్లేదు. 25 మిల్లీమీటర్ల మందం, నాలుగు పలకలు, బెజ్జం లేని దిమ్మ పంపితే చాలు. పలకలు చదరంగా ఉండగానే బెజ్జం వేయాలి. వంపు తిరిగాక దిమ్మ బిగింపులో నిలవదు, డ్రిల్లు పక్కకు జారుతుంది. ఆ తర్వాత చూపుడువేలు ముందుకు చాచి, మిగతా మూడు వేళ్లు ఇరుకు లేకుండా పట్టేదాకా అంచులు గుండ్రం చేయడం, ఉప్పుకాగితం పట్టడం, అవిసె నూనె రాయడం నేను చూసుకుంటాను. మందపు వార్నిష్ మాత్రం పూసి పంపకండి, చెయ్యి బొబ్బలెక్కుతుంది.

దిమ్మ రాకపోయినా, మనిషి రాసిన జవాబు రాకపోయినా, ఈ ఉత్తరాలన్నీ కట్టకట్టి వినియోగదారుల ఫోరంలో వేస్తాను. ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని మొదలయ్యే జవాబైతే పంపకండి, అది నా దగ్గర బోలెడుంది.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు

తా.క.: దిమ్మ మీద నార ఎటు పోతుందో పెన్సిల్‌తో బాణం గుర్తు పెట్టించండి. పెట్టేవాళ్లకు అదెటు పోతుందో తెలిస్తేనే.