ముందే కట్టే కూరగాయల డబ్బు ఎవరికి చేరుతోంది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఈ మధ్య మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర ‘పొలంలో వాటా’ అంటూ కరపత్రాలు పంచుతున్నారు. ఆరు నెలలకో ఏడాదికో డబ్బు ముందే కడితే వారం వారం కూరగాయల పెట్టె ఇంటికి పంపుతారట. ఇది గిట్టుబాటవుతుందా అని ఇరుగుపొరుగు వాళ్ళు నన్ను అడుగుతున్నారు. నేను ఇదివరకు రెండుసార్లు కట్టాను. ఒకసారి మోసపోయాను, ఒకసారి తృప్తి పడ్డాను. ఆ రెండూ పదిమందికి పనికొస్తాయని, మార్కెటింగ్ శాఖ, ఉద్యాన శాఖ అధికారుల కంట కూడా పడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు లెక్క చెబుతాను. పోయిన ఏడాది ఆగస్టు నుంచి జనవరి వరకు మా బ్లాకులో తొమ్మిది ఇళ్ళవాళ్ళం కలిసి చేవెళ్ల వైపు ఐదుగురు రైతులతో మాట్లాడుకున్నాం. 24 వారాలకు ఇంటికి 12 వేల రూపాయలు, రెండు విడతల్లో. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి ప్రతి పెట్టెనూ తూచి, ఆ రోజు రైతుబజారు బోర్డు మీద ఉన్న ధరలు పక్కనే రాసుకున్నాను. మొత్తం వచ్చింది 138 కిలోలు. అంటే కిలో 87 రూపాయలు పడింది. అవే కూరలు రైతుబజారులో కొంటే 7,340 రూపాయలయ్యేవి. సేంద్రియ దుకాణంలో అయితే 13 వేలు దాటేవి. రైతుబజారుతో పోలిస్తే వారానికి 194 రూపాయలు ఎక్కువ పెట్టాను.

దాని పైన వృథా కూడా ఉంది. ఆగస్టు చివర ముసురు పట్టి తోటకూర, పాలకూర మళ్ళలోనే కుళ్ళిపోయాయి. మూడు వారాల పాటు పెట్టెలో సొరకాయ, బెండకాయ, కాస్త గోంగూర తప్ప ఇంకేం లేవు. మా ఇంట్లో ఉన్నది నలుగురం, రోజూ సొరకాయ ఎవరు తింటారు? మొత్తం మీద ఆరో వంతు పక్కవాళ్ళకో పనమ్మాయికో ఇచ్చేశాను. కార్తీకం వచ్చాక చిక్కుడు, వంకాయ, చుక్కకూర, లేత ముల్లంగి వచ్చాయి. అలాంటి చిక్కుడు తిని నాకు చాలా ఏళ్ళయింది. టమాటా ధర పెరిగినా తగ్గినా మా పెట్టె ధర మారలేదు. 2023 జులై చివర మదనపల్లె మార్కెట్‌లోనే కిలో 200 దాకా పోయిన సంగతి గుర్తున్నవాళ్ళకు దాని విలువ తెలుస్తుంది.

ఇంత రాసుకున్నాక కూడా నేను ఈసారి మళ్ళీ కట్టాను. కారణం చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి.

మా నాన్న ఎకరంన్నరలో వంకాయ, మిర్చి వేసేవారు. విత్తనానికి, మందులకు చేతిలో డబ్బుండేది కాదు. పట్నంలో కమీషన్ ఏజెంటు అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అడ్వాన్సు తీసుకున్న రోజే పంట ఎవరికి పోవాలో తేలిపోయేది. పక్క మార్కెట్‌లో ధర బాగుందని తెలిసినా అక్కడికి బండి తోలడానికి లేదు. కమీషన్, హమాలీ, తరుగు పోగా ఏజెంటు రాసిచ్చే తక్‌పట్టీ అనే లెక్క చీటీ మీద మిగిలిన అంకె చూసి ఆయన ఏమీ మాట్లాడకుండా కూర్చునేవారు. నాకు ఇప్పటికీ ఆ కాగితం కళ్ళముందే ఉంది.

ఇప్పుడూ పెద్దగా మారలేదు. టమాటాకు మనం పెట్టే రూపాయిలో రైతుకు దక్కేది సుమారు 33 పైసలని, ఉల్లికి 36, బంగాళదుంపకు 37 అని 2024లో రిజర్వ్ బ్యాంకు వెలువరించిన ఒక అధ్యయన పత్రం చెప్పింది. మా పెట్టె 500 రూపాయల్లో ఆటోకు, డబ్బాలకు 90 పోతాయి. మిగిలిన 410 రైతులవే. అంతకంటే ముఖ్యం, ఆ డబ్బులో సగం విత్తనం వేసే ముందే వాళ్ళ చేతికి వెళ్ళింది. ఐదుగురిలో ఇద్దరు కౌలు రైతులు. ఈసారి అడ్వాన్సు కోసం ఎవరి గుమ్మం ఎక్కలేదని వాళ్ళలో ఒకాయన చెప్పినప్పుడు, నేను ఎక్కువ పెట్టిన 194 రూపాయలు దేనికో నాకు అర్థమైంది.

అయితే ముందే డబ్బు కట్టించుకునే ప్రతివాడూ ఆ పని చేయడు. అంతకు రెండేళ్ళ ముందు ఒక సంస్థకు ఏడాది డబ్బు ఒకేసారి కట్టాను. నెల రోజులు బాగానే పంపారు. తర్వాత పెట్టెలో క్యాబేజీ, క్యారెట్, బీన్స్ లాంటి చలికాలపు కూరలు వచ్చేవి, అదీ మండు వేసవిలో. పొలం చూపించమంటే ఈ వారం కాదు, వచ్చే వారం అన్నారు. ఐదో నెలలో ఫోను ఎత్తడం మానేశారు. రసీదు మీద ఏ రైతు పేరూ లేదు, ఏ ఊరి పేరూ లేదు. ఫిర్యాదు చేద్దామంటే ఏమని రాయాలో కూడా తెలియలేదు.

కాబట్టి కరపత్రం పట్టుకుని వచ్చేవాళ్ళను కిలో ఎంత అని అడిగే ముందు, పొలం ఏ ఊళ్ళో ఉంది, పండించేది ఎవరు, నా డబ్బులో వాళ్ళకు ఎంత, పంట పోతే ఏం చేస్తారు అని అడగండి. జపాన్‌లో 1970ల్లో ‘తెయికెయి’ పేరుతో మొదలైనా, అమెరికాలో 1986లో రెండు పొలాల్లో మొదలైనా, ఈ పద్ధతికి ప్రాణం ఒక్కటే: పంట నష్టాన్ని తినేవాళ్ళు కూడా పంచుకోవాలి. అలా పంచుకోవాలంటే పొలం తెలియాలి, మనిషి తెలియాలి. సొరకాయలే వచ్చిన ఆ మూడు వారాల్లో మేం గొడవ చేయకపోవడానికి కారణం, నీళ్ళు నిలిచిన ఆ మళ్ళను వెళ్ళి చూశాం కాబట్టే.

‘సేంద్రియం’ అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త అవసరం. చిన్న రైతు నేరుగా మనకే అమ్మితే 2017 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది. అది రైతుకు మంచిదే. దాన్ని అడ్డం పెట్టుకుని మధ్యవర్తులు ఆ మాట వాడేస్తున్నారు. కనీసం ఐదుగురు రైతులు బృందంగా చేరి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్-ఇండియా పద్ధతి మన దగ్గర ఉంది. మా రైతులు అందులో చేరి ఏడాదే అయింది. ఇంకా పూర్తి సేంద్రియం కాదని వాళ్ళే చెప్పారు. ఆ మాట విన్నాకే నాకు వాళ్ళ మీద నమ్మకం కుదిరింది.

అధికారులకు నా విన్నపం పెద్దదేమీ కాదు. రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, విడతలు, పంట పోతే ఏం చేయాలి అన్నవి ఉండే ఒక పేజీ ఒప్పంద పత్రాన్ని తెలుగులో తయారు చేసి ఇవ్వండి. ముందే డబ్బు తీసుకునేవాళ్ళంతా అది ఇచ్చి తీరాలని చెప్పండి. వారంలో ఒక సాయంత్రం రైతుబజారులో ఒక మూల ఈ పెట్టెలు దించుకోనివ్వండి. ఇంటింటికీ తిరిగే ఆటో ఖర్చు తగ్గితే ఆ 90లో సగమైనా రైతుకు మిగులుతుంది.

నెలకు ఎనిమిది వందలు అదనంగా పెట్టలేని ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళు 1999 నుంచి నడుస్తున్న రైతుబజారులోనే కొనుక్కుంటే తప్పేమీ లేదు, అక్కడా రైతు దగ్గరే కొంటారు. మా తొమ్మిది ఇళ్ళలో మూడు ఈసారి మానుకున్నాయి. ఒకరికి ఆకుకూరలు బాగుచేసే తీరిక లేదు, ఇద్దరికి డబ్బు ఇబ్బంది. మిగిలిన ఆరు ఇళ్ళ తరఫున వచ్చే ఆదివారం చేవెళ్ల వెళ్తున్నాం. సొరపాదులు తగ్గించి పొట్ల, కాకర పెంచమని అడగాలి. ఒప్పందం ఈసారి కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం నమూనా కావాలనుకున్న పాఠకులకు మీ పత్రిక ద్వారా అందజేయడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు,
కూకట్‌పల్లి, హైదరాబాద్