మన తీరం చేపల్ని మన దగ్గరే పరీక్షించాలి

సంపాదకుడు గారికి,

మా వీధి చివర పాత సామాన్ల కొట్టు ఉంది. పాత టీవీలు పగలగొట్టి, రాగి కోసం వైర్లు, సర్క్యూట్ బోర్డులు కుప్పేసి కాలుస్తారు. ఆ బూడిద వానకి గెడ్డలో కలుస్తుంది, గెడ్డ సముద్రంలో కలుస్తుంది. అదే సముద్రంలో పట్టిన కానాగంతలు తెల్లారేసరికి మా గుమ్మంలోకి వస్తాయి.

టీవీ, కంప్యూటర్ డబ్బాలకు మంట తొందరగా అంటుకోకుండా ప్లాస్టిక్‌లో బ్రోమిన్ రసాయనాలు కలిపేవారు. వాటిని పీబీడీఈలు అంటారు. ప్లాస్టిక్‌ని గట్టిగా పట్టుకుని ఉండవు కాబట్టి మెల్లగా బయటికొస్తాయి, నీళ్లలో కరగవు, కొవ్వులో చేరతాయి. చిన్న చేపను పెద్ద చేప తినేకొద్దీ పోగవుతాయి. స్వీడన్‌లో విస్కాన్ నది చేపల్లో వీటిని 1981లోనే గుర్తించారు. ఆ దేశంలో దాచి ఉంచిన తల్లిపాల నమూనాలను తర్వాత పరీక్షిస్తే, వాటిలో ఈ రసాయనాలు 1972 నుంచి 1997 దాకా సుమారు ఐదేళ్లకోసారి రెట్టింపవుతూ వచ్చాయని తేలింది. తల్లిపాలలో! అలా కొలిచిన లెక్కల బలంతోనే 2009లో, విష రసాయనాలపై దేశాల మధ్య కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందంలో వీటిలో కొన్నింటిని నిషేధ జాబితాకెక్కించారు. మన కేంద్ర మంత్రివర్గం 2020 అక్టోబరులో నిషేధానికి ఆమోదం తెలిపిన ఏడు రసాయనాల్లోనూ అవి ఉన్నాయి. కానీ పాత సామాను ఇంకా మన మధ్యే ఉంది, కాలుతూనే ఉంది.

చేపలు మానేయమని నేననడం లేదు. మా ఇంట్లో వారానికి రెండుసార్లు పులుసు ఉండాల్సిందే. చేపల్లో ఏముందో మన దగ్గర లెక్క లేకపోతే ఏమవుతుందో 2018లో చూశాం. చేపలు పాడవకుండా ఫార్మాలిన్ అనే రసాయనం కలుపుతున్నారన్న గొడవలో అస్సాం మన రాష్ట్రం చేపలను పది రోజులు ఆపేసింది. అప్పుడు నష్టపోయింది రైతులు, చేపలమ్ముకునేవాళ్లే.

విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకీ, మత్స్య సాంకేతిక సంస్థకీ కేంద్రాలున్నాయి. వాళ్లకి నిధులిచ్చి చేపల్లో పీబీడీఈలు కొలిచే పని అప్పగించాలి. ఏటా ఒకే సీజన్‌లో, ఒకే రకం, ఒకే సైజు చేపలు తీసుకోవాలి. కానాగంతకీ కొవ్వు తక్కువున్న చేపకీ పోలిక కుదరాలంటే గ్రాము కొవ్వుకి ఎంతుందో చెప్పాలి. ల్యాబ్ దుమ్ములోనూ ఇవే రసాయనాలు ఉండొచ్చు కాబట్టి, దుమ్ము నుంచి వచ్చిందెంతో తెలిసేలా చేప ముక్క లేకుండా ఉత్త పరీక్ష ఒకటి పక్కనే నడపాలి. ఇంత జాగ్రత్తగా చేస్తేనే ఆ అంకెను నమ్మగలం.

వేట నిషేధం ముగిసి జూన్ 15న బోట్లు సముద్రంలోకి దిగుతాయి. ఆ మొదటి వేట నుంచే నమూనాలు తీసి, ఫలితాలను తెలుగులో ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర బోర్డు మీద రాయించాలని మత్స్యశాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం