వార్షిక నివేదిక: సీమ టపా నడిచిన దారులు, కట్టిన అణాలు

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే ఈ ఏడాది మన స్టాంపు సేకర్తల సంఘం నెలవారీ సమావేశాలన్నీ ఒక్క విషయం మీదే జరిగాయి. బ్రిటిషువాళ్ల కాలంలో మన రేవుల నుంచి సీమకు, అంటే ఇంగ్లండుకు, టపా ఏయే దారుల్లో వెళ్లేది, ఏ దారికి ఎన్ని అణాలు పడేవి అన్నదే ఆ విషయం. పక్షులూ పూలూ ఉన్న స్టాంపులు దాచుకునే మనవాళ్లకు ఈ లెక్కలు పడతాయా అని కార్యవర్గంలో కొందరు సందేహించారు. పడ్డాయి. వర్షాకాలంలో కూడా కుర్చీలు చాలలేదు.

అందుకు కారణం రెండో సమావేశానికి ఒక పెద్దాయన తెచ్చిన కవరు. 1869లో మద్రాసులో వేసింది, లండనుకు వెళ్లింది. మూలన 8 అణాల గులాబి స్టాంపు, దాని పక్కన 8 పైల ఊదా స్టాంపు. పైన సిరాతో వాలుగా ‘వయా మార్సెయిల్స్’ అని రాసి ఉంది, అంటే ఫ్రాన్సులోని మార్సెయిల్స్ రేవు మీదుగా పంపమని. ఒక సభ్యుడి వెంట వచ్చిన మనవరాలు భూతద్దంలోంచి చూసి, “ఎనిమిది అణాల ఎనిమిది పైలేంటి తాతయ్యా, తొమ్మిది అణాలు పెట్టొచ్చుగా?” అంది. ఆ పూటంతా ఆ ప్రశ్నకే సరిపోయింది.

రేటు లండనులో పెన్నీల్లో ఖాయం చేసేవారు. రూపాయికి రెండు షిల్లింగులు, అంటే 24 పెన్నీలు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, వెరసి 192 పైలు. పెన్నీకి 8 పైలన్నమాట. 1868 నుంచి మార్సెయిల్స్ దారిలో ఉత్తరానికి 13 పెన్నీలు, అంటే సరిగ్గా 8 అణాల 8 పైలు. అదే ఉత్తరం స్పెయిన్ కొసన ఉన్న జిబ్రాల్టర్ చుట్టి ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవుకు ఓడలోనే వెళితే 9 పెన్నీలు, మన లెక్కలో 6 అణాలు. ఫ్రాన్సు మీదుగా రైల్లో వెళ్లి కొన్ని రోజులు ముందు చేరడానికి అదనంగా 2 అణాల 8 పైలు. అప్పుడు దేశం లోపల ఉత్తరానికి అర్ధణా. ఈ ఒక్క కవరుకు పెట్టిన డబ్బుతో ఇక్కడ పదిహేడు ఉత్తరాలు రాసుకోవచ్చు. రాసినాయనకు ఎంత తొందర ఉందో ఆ రెండు స్టాంపులే చెబుతున్నాయి.

ఆ 8 పైల స్టాంపు 1860లో వచ్చింది. సిపాయిలు ఇంటికి రాసే ఉత్తరాలకు పెన్నీ రాయితీ రేటు ఉండేది, దానికోసం అచ్చువేశారు. 1867లో వచ్చిన 6 అణాల 8 పైల స్టాంపూ ఇలాంటిదే. మార్సెయిల్స్ రేటు 10 పెన్నీలుగా ఉన్నప్పటిది. మరుసటి ఏడాదే రేటు పెరిగి, దానికి అసలు పని లేకుండా పోయింది.

తర్వాతి సమావేశాలు దారుల మధ్య పోటీ మీద సాగాయి. 1825లో ‘ఎంటర్‌ప్రైజ్’ అనే పొగఓడ ఆఫ్రికా చుట్టి కలకత్తా చేరడానికి 113 రోజులు పట్టింది. 1830లో ‘హ్యూ లిండ్సే’ బొంబాయి నుంచి ఎర్ర సముద్రం మీదుగా ఈజిప్టులోని సూయజ్‌కు వెళ్లింది. దారిలో బొగ్గు కోసం రోజుల తరబడి ఆగాల్సి వచ్చినా నెల పైచిలుకులో చేరింది. మరో పక్క యూఫ్రటీస్ నది దారి చూద్దామని చెస్నీ అనే బ్రిటిషు సైనికాధికారి నాయకత్వంలో రెండు స్టీమర్లు పంపారు. 1836లో గాలివానకు వాటిలో ఒకటైన ‘టైగ్రిస్’ మునిగిపోవడంతో ఆ ఆశ సన్నగిల్లింది. 1839లో ఎర్ర సముద్రం మొగన ఉన్న ఏడెన్ రేవును పట్టుకున్నారు, బొగ్గు నిల్వకు చోటు దొరికింది. ఈజిప్టు దారి గెలిచింది.

ఈ కథలో నాకు మనసు పట్టింది థామస్ వాగ్‌హార్న్ దగ్గర. ఈజిప్టు ఎడారిలో ఒంటెల మీద టపా దాటించే ఏర్పాటు సొంత పూనికతో చేసినవాడు. 1845లో ఫ్రాన్సుతో పనిలేకుండా ఆస్ట్రియా రేవైన ట్రియెస్టు వైపు నుంచి టపా తేగలనని పందెం కట్టినట్టు బయల్దేరాడు. అక్టోబరు 1న బొంబాయి వదిలిన టపా ఆస్ట్రియా, జర్మను రాజ్యాలు, బెల్జియం మీదుగా అదే నెల 31 తెల్లవారుజామున లండను చేరింది. మార్సెయిల్స్ టపా రెండు రోజులు వెనకబడింది. ఇంత చేసినవాడు 1850లో అప్పులతో పోయాడు. ఆయన ఏజెంట్ల చేతుల మీదుగా వెళ్లిన కవర్ల మీద ‘కేరాఫ్ మిస్టర్ వాగ్‌హార్న్’ అనే ముద్ర కనిపిస్తుంది. మనవాళ్ల దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు. ఉంటే చూడాలని ఉంది.

1869 నవంబరు 17న సూయజ్ కాలువ తెరిచారు. టపా కూడా వెంటనే కాలువలోంచి పోయిందనుకుంటాం. పోలేదు. ఓడల కంపెనీతో ఉన్న కాంట్రాక్టు ప్రకారం కొన్నేళ్లపాటు సంచులు ఈజిప్టు ఉత్తర తీరంలోని అలెగ్జాండ్రియాలో దింపి, రైల్లో సూయజ్‌కు చేర్చి, మళ్లీ ఓడెక్కించేవారు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యా యుద్ధంతో మార్సెయిల్స్ దారి దెబ్బతిని, ఇటలీలోని బ్రిండిసి ముందుకొచ్చింది. 1871లో మద్రాసు రైలు, బొంబాయి రైలు రాయచూరులో కలిశాయి. అప్పట్నించి మద్రాసు వైపు సీమ ఉత్తరాలు కడప, తాడిపత్రి, గుత్తి, ఆదోని మీదుగా బొంబాయికి రైల్లో వెళ్లే వీలు వచ్చింది. 1876 జూలై 1న దేశాల మధ్య టపాకు ఉమ్మడి రేట్లు పెట్టే సార్వత్రిక తపాలా సమాఖ్యలో ఇండియా చేరింది. 1898 క్రిస్మస్ నాటికి సీమ ఉత్తరం పెన్నీకి దిగింది, ఇక్కడ అణా. ఆ సరికి రూపాయి విలువ 16 పెన్నీలకు పడిపోయింది కాబట్టి అణా, పెన్నీ ఒకటే అయ్యాయి. 8 పైల లెక్కకు కాలం చెల్లింది.

విమాన టపాకు ఒక్క సమావేశమే మిగిలింది. 1929లో లండను, కరాచీ మధ్య మొదలైన సర్వీసూ, 1932 అక్టోబరులో టాటా విమానం కరాచీ నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు తెచ్చిన టపా సంచులూ అందులోనే చెప్పుకున్నాం. చాలలేదు. వచ్చే ఏడాదికి దాన్నే పెట్టుకుందాం.

ప్రదర్శన సంగతి. ముందు ఒప్పుకున్న హాలువాళ్లు రెండు రోజుల ముందు కుదరదన్నారు. ఒక సభ్యురాలు తమ ఇంటి మేడ మీద హాలు ఇవ్వబట్టి గండం గడిచింది. ఆవిడకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఆ ప్రదర్శనకే ఒక కుటుంబం వాళ్ల తాతగారు రంగూను నుంచి కాకినాడ దగ్గరి ఊరికి రాసిన ఉత్తరాలు తెచ్చింది. బర్మా 1937 మార్చి దాకా బ్రిటిషిండియాలో భాగమే. ఏప్రిల్ 1 నుంచి వేరు దేశం. ఇండియా స్టాంపుల మీదే ‘బర్మా’ అని అచ్చుకొట్టి అమ్మారు. ఈ ఉత్తరాలు సరిగ్గా ఆ రెండు కాలాలవి. కానీ ఎప్పుడో ఎవరో పిల్లలు ఆల్బం కోసం స్టాంపులన్నీ కత్తెరతో చతురస్రంగా కోసేశారు. ఉత్తరం కాగితాన్నే మడిచి అంటించి పంపినవి కావడంతో ప్రతిదాంట్లో ఒక కిటికీ, దాంతో పాటు వెనక వైపు రాసిన మాటలూ పోయాయి. ఒకదాంట్లో ‘అమ్మకు మందుల కోసం’ అని ఉంది. తర్వాత కిటికీ. దాని కింద ‘పంపుతున్నాను’ అని ఉంది. ఎంత పంపాడో, ఎప్పుడు పంపాడో తెలియదు. ముద్ర మీది తేదీ పోయింది, ఏ రేటు కట్టాడో పోయింది.

అందుకే కార్యవర్గం పాత ఉత్తరాల కోసం కొత్త పని తలపెట్టింది. మీ ఇంట్లో, బంధువుల ఇళ్లలో రంగూను, మారిషస్, దర్బన్ నుంచి వచ్చిన ఉత్తరాలు ఉంటే స్టాంపు ఊడదీయకుండా, నీళ్లలో వేయకుండా, ఉన్నవున్నట్టుగా తీసుకురండి. రెండు వైపులా ఫోటో తీసి, దారీ రేటూ రాసి అదే రోజు మీ చేతికిస్తాం. జమాఖర్చుల పట్టిక ఈ నివేదికతో విడిగా జతచేశాం. ప్లాస్టిక్ తొడుగులు కొన్నందువల్ల ఖర్చు కాస్త పెరిగింది. రంగూను ఉత్తరాలు ఇప్పుడు ఆ తొడుగుల్లోనే ఉన్నాయి.

— కార్యదర్శి