గురుకులం సర్కారు బడి కాదా?

సంపాదకులకు నమస్కారం.

బాసర ట్రిపుల్ ఐటీ ఎంపిక జాబితా మీద మీరు వేసిన వార్త చదివి వారం దాటింది, ఇంకా మనసు ఊరుకోవట్లేదు. సర్కారు బడి పిల్లలకే ఎక్కువ సీట్లు వచ్చాయని రాశారు, సంతోషం. పల్లె పిల్లల కోసమనే కదా 2008లో అది పెట్టింది. మరి గురుకులం సర్కారు బడి కాదా?

పదో తరగతిలో జీపీఏ (పదికి లెక్కేసే గ్రేడ్ల సగటు) ఉన్నన్నాళ్లూ, ట్రిపుల్ ఐటీ సీట్లకు జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల పిల్లలకు దానికి 0.4 కలిపేవాళ్లు. గ్రేడ్లు పోయి మార్కులొచ్చినా అదనపు స్కోరు పోలేదు. వాళ్లకు తీసెయ్యమని నేను అనను, అది వాళ్లకు న్యాయమే. గురుకులం రెసిడెన్షియల్ కాబట్టి ఆ స్కోరు మా పిల్లలకు వర్తించదంట. అక్కడ చదివేది ఎవరి పిల్లలు? బీడీలు చుట్టేవాళ్ల పిల్లలు, హమాలీల పిల్లలు. మా అమ్మాయి ఐదో తరగతి నుంచి అక్కడే ఉంది, ఇప్పుడు పదిలోకి వచ్చింది. తెల్లారకముందే లేచి బకెట్ పట్టుకుని లైన్‌లో నిలబడుతుంది, బట్టలు తనే ఉతుక్కుంటుంది, రాత్రి స్టడీ అవర్ అయ్యేదాకా పుస్తకం మూయదు. జ్వరమొచ్చినా పక్కన అమ్మ ఉండదు. హాస్టల్ ఉంది కాబట్టి వీళ్లకు ఏ లోటూ లేదని ఈ రూల్ రాసినవాళ్లు ఒక్క రాత్రి ఆ డార్మిటరీలో పడుకుని చూడాలి.

మార్కులు సమానంగా వస్తే మ్యాథ్స్, తర్వాత సైన్స్, ఇంగ్లిష్ ఇలా చూసుకుంటూ చివరికి పుట్టిన తేదీ దాకా పోతారు. అంత దగ్గరి పోటీలో ఆ కాస్త స్కోరే పిల్ల బతుకును అటో ఇటో చేస్తుంది. ఇంటర్, బీటెక్ ఆరేళ్లూ ఒకేచోట అయిపోతాయని మాలాంటి వాళ్లం దాని మీదే ఆశ పెట్టుకుంటాం, ప్రైవేటు ఫీజులు ఎక్కడ కట్టగలం?

అసలు సీట్లే తక్కువ. ఆంధ్రలో నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం అని నాలుగున్నాయి. మనకు ఏళ్లపాటు బాసర ఒక్కటే, మొన్న 2025లో మహబూబ్‌నగర్‌లో ఇంకొకటి పెట్టారు, అక్కడ రెండు వందల సీట్లు కూడా లేవు. ఉన్నదాన్నయినా బాగా చూసుకున్నారా? 2022 జూన్‌లో పిల్లలు రోజుల తరబడి బైట కూర్చుని రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలని అడగాల్సి వచ్చింది! చదువుకోవాల్సిన పిల్లలు అడిగితే తప్ప పెద్దలకు గుర్తు రాదా? ఏ అధికారిని అడిగినా "అది రూల్ అమ్మా" అంటారు, ఎందుకు పెట్టారో ఒక్కరూ చెప్పరు.

బడి పేరు కాదు, ఇంటి ఆదాయం చూసి ఆ స్కోరు కలపాలి. వచ్చే నోటిఫికేషన్‌లోపే మార్చాలి. ఈసారి గురుకులాల నుంచి ఎంతమందికి సీటు వచ్చిందో మీ విలేకరులు కనుక్కుని అచ్చు వేయాలని కోరుతున్నాను.

– ఒక గురుకుల విద్యార్థిని తల్లి, నిజామాబాద్ జిల్లా