మరణ ధ్రువపత్రం ఏ ఆఫీసులో ఇస్తారో ముందే చెప్పించండి: పంచాయతీరాజ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,
ప్రతులు: పురపాలక, వైద్యారోగ్య, రెవెన్యూ శాఖల మంత్రులకు

అయ్యా,

మరణ ధ్రువపత్రం విషయంలో చట్టం జనం పక్షానే ఉంది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. 2023లో దాన్ని సవరించారు, ఆ సవరణ అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. నమోదు పూర్తయిన ఏడు రోజుల్లోగా, సమాచారం ఇచ్చినవారికి ధ్రువపత్రం ఉచితంగా చేతికివ్వాలని అందులో రాసి ఉంది. అయినా వితంతు పింఛను, బ్యాంకు ఖాతా, బీమా, పొలం విరాసత్ (వారసుల పేరిట మార్పిడి) అన్నీ ఈ ఒక్క కాగితం దగ్గరే ఆగిపోతున్నాయి. ఎక్కడ ఎందుకు ఆగుతున్నాయో, మీ శాఖ ఉత్తర్వుతో ఏవి తీరతాయో చెప్పడానికే ఈ లేఖ. గ్రామాల్లో ఈ దరఖాస్తులు నింపిపెట్టేవాళ్లం కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాం.

మొదటి చిక్కు ఏ ఆఫీసుకు వెళ్లాలన్న దగ్గరే. మనిషి ఎక్కడ కన్నుమూస్తే అక్కడి రిజిస్ట్రారే నమోదు చేయాలి. ఆధార్‌లో ఏ ఊరుందన్నది లెక్కలోకి రాదు. పల్లెలో ఇంటి దగ్గర పోతే పంచాయతీ కార్యదర్శి, పట్టణంలో పోతే ఆ పురపాలక సంఘం. నరసరావుపేట పక్క పల్లె మనిషి గుంటూరు ఆసుపత్రిలో చనిపోతే ధ్రువపత్రం గుంటూరులో పుడుతుంది. కర్నూలు మనిషి హైదరాబాద్‌లో పోతే హైదరాబాద్‌లో, చిత్తూరు మనిషి వెల్లూరులో పోతే తమిళనాడులో. దహనం సొంతూళ్లో జరిగినంత మాత్రాన ఇది మారదు. ఈ సంగతి తెలియక ముందు సొంతూరి సచివాలయానికి వెళ్తారు. కార్యదర్శి "మా దగ్గర కాదు" అంటారు తప్ప ఎక్కడో చెప్పరు. మరికొందరు జాలిపడి ఇక్కడే నమోదు చేసేస్తారు, అది ఇంకా ప్రమాదం. ఆసుపత్రి అప్పటికే అక్కడ నమోదు చేయించి ఉంటే ఒకే మనిషికి రెండు నమోదులవుతాయి. బీమా సంస్థ కంట్లో అది పడితే క్లెయిము ఆగుతుంది. ఒక నమోదును 15వ సెక్షన్ కింద రద్దు చేయించుకునేదాకా కదలదు.

ఆసుపత్రి మరణాల్లో ఇంకో మెలిక ఉంది. రిజిస్ట్రారుకు మరణ సమాచారం (ఫారం 2), మరణ కారణం తెలిపే వైద్య పత్రం (ఫారం 4) పంపాల్సింది ఆసుపత్రే. వైద్య పత్రం నకలు దగ్గరి బంధువుకూ ఇవ్వాలి. కానీ సమాచారం ఇచ్చినది ఆసుపత్రి కాబట్టి ఉచిత ప్రతి కుటుంబానికి దానంతటదే రాదు. వాళ్లు 17వ సెక్షన్ కింద రుసుము కట్టి నకలు తీసుకోవాల్సి వస్తోంది. డిశ్చార్జి కాగితాల్లో కుటుంబం ఇచ్చిన ఫోన్ నంబరుకే ఎలక్ట్రానిక్ ప్రతి పంపితే ఈ తేడా పోతుంది. ఎలక్ట్రానిక్‌గా ఇవ్వొచ్చని సవరించిన చట్టమే చెబుతోంది.

ఇక దారిలో పోయిన ప్రాణాల సంగతి. 108లోనో ఆటోలోనో తీసుకెళ్తుండగా చనిపోతే ఆసుపత్రిలో "తెచ్చేసరికే మృతి" అని రాసి పంపిస్తారు. తమ దగ్గర చనిపోలేదు కాబట్టి ఫారం 2 పంపరు. ఊళ్లో కార్యదర్శి ఆసుపత్రి చీటీ చూసి, అక్కడే చేయించుకోమంటారు. కదిలే వాహనంలో మరణం సంభవిస్తే బండి మొదట ఆగిన చోటి రిజిస్ట్రారుకు తెలపాలని నియమం ఉంది. ఆ మొదట ఆగిన చోటు చాలాసార్లు ఆ ఆసుపత్రి వాకిలే. ఆ నియమాన్ని వివరిస్తూ వైద్యారోగ్య శాఖ, మీ శాఖ కలిసి ఒక ఉమ్మడి మెమో ఇస్తే చాలు. ఇప్పుడు ఇద్దరి మధ్య నలిగేది పుట్టెడు దుఃఖంలో ఉన్న కుటుంబం.

మరణ సమాచారం ఇచ్చి నమోదు చేయించుకునే గడువు 21 రోజులు. మన ఇళ్లలో పెద్దకర్మ దాకా ఎవరూ కాగితాల జోలికి పోరు. ముస్లిం ఇళ్లలో నలభయ్యో రోజు దాకా ఆగేవాళ్లూ ఉన్నారు. కర్మ ముగిసి, బంధువులు వెళ్లి, బీరువా తెరిచేసరికి గడువు దగ్గర పడుతుంది లేదా దాటుతుంది. 21 నుంచి 30 రోజుల మధ్య అయితే ఆలస్య రుసుము కడితే చాలు. 30 రోజులు దాటి ఏడాదిలోపు అయితే నిర్దేశించిన అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. దీనికి ఇంతకుముందు నోటరీ లేదా అధికారం పొందిన అధికారి ముందు చేసిన అఫిడవిట్ తప్పనిసరి. సవరణ తర్వాత స్వయంగా ధ్రువీకరించిన పత్రం చాలు. స్టాంపు పేపరు, నోటరీ కోసం పంపే అలవాటు మాత్రం ఇంకా పోలేదు, కింది ఆఫీసులకు కొత్త నమూనా అందకపోతే పోదు కూడా.

అన్నిటికన్నా ఎక్కువ మందిని ఏడిపించేది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరమే ఉంటుంది, పట్టాదారు పాసుపుస్తకంలో 'వెంకటేశ్వర్లు' అని ఉన్నాయన బీమా బాండులో 'వెంకటేశ్వరరావు' అయి ఉంటాడు. ఆసుపత్రి వాళ్లు అడ్మిషన్ రోజున హడావుడిలో ఎవరో చెప్పిన ముద్దుపేరే ఫారం 2లోకి ఎక్కిస్తారు. భర్త పేరు ఉండాల్సిన చోట తండ్రి పేరు, వయసు ఓ పదేళ్లు అటూ ఇటూ. ధ్రువపత్రం చేతికొచ్చాక గానీ ఇది బయటపడదు.

దిద్దుబాటుకు చట్టంలో దారి ఉంది. రాతలో పొరపాటైతే రిజిస్ట్రారే సరిచేయొచ్చు. అసలు విషయమే తప్పయితే, వాస్తవం తెలిసిన నమ్మదగిన ఇద్దరు వ్యక్తుల వాంగ్మూలం కావాలి. పాత రాత చెరపకుండా అంచున సరిచేసి సంతకం పెట్టాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన ఫారంలోనే తప్పుంటే ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద సవరణ లేఖ అడుగుతారు. ఇన్‌పేషెంట్ నంబరు, అడ్మిషన్ తేదీ లేకుండా ఆ లేఖ రాదు, కాబట్టి కేస్ షీటు మొదటి పేజీ జిరాక్సు దాచుకోమని ప్రతివాళ్లకీ చెబుతుంటాం. ఇంత ప్రయాస ఎందుకంటే, ఆమోదించే ముందు వివరాలు ఒకసారి చూపించనందుకు. రిజిస్ట్రారు ఆమోదం నొక్కకముందు ముసాయిదా ప్రింటు కుటుంబ సభ్యుడి చేతికిచ్చి, ఆధార్‌తో పోల్చి చూసుకున్నట్టు సంతకం తీసుకోండి. దీనికి రూపాయి బడ్జెట్ అక్కర్లేదు. మేం అడిగేవాటిలో మొదటిది ఇదే.

ఏడాది దాటిన మరణాలకు వస్తే, 2023కు ముందు చట్టం ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఆదేశం కావాలనేది. ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఇవ్వొచ్చు. మన దగ్గర ఆర్డీఓ ఆఫీసుకే దరఖాస్తులు పోతాయి. ముందు స్థానిక రిజిస్ట్రారు దగ్గర 'నమోదు లేదు' అనే పత్రం (ఫారం 10) తీసుకోవాలి. తర్వాత తహసీల్దారు విచారణ, వీఆర్వో నివేదిక, ఇరుగుపొరుగు వాంగ్మూలాలు, ఆపైన ఆర్డీఓ ఉత్తర్వు. అది పట్టుకొని మళ్లీ రిజిస్ట్రారు దగ్గరికి. మరణం జరిగిన ప్రాంతంపై అధికారం ఉన్న మేజిస్ట్రేటే ఇవ్వాలి. నివాసం ఉన్న డివిజన్లో దరఖాస్తు పెట్టి నెలల తర్వాత తిరస్కారం తెచ్చుకునేవాళ్లు ఎందరో. ఈ విచారణకు ఇన్ని రోజులని గడువు పెట్టించే పని రెవెన్యూ మంత్రి గారిది. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దుకు ముందు మునసబులు రాసిన రిజిస్టర్లు చెదలు పట్టకముందే స్కాన్ చేయిస్తే, ఫారం 10 ఇచ్చేముందు కనీసం వెతికినట్టన్నా ఉంటుంది.

చట్టం అడగనివి ఆఫీసులు అడగడం మరో బాధ. ఇంటిపన్ను బకాయి కడితేనే ధ్రువపత్రం అనడానికి ఈ చట్టంలో ఆధారం లేదు. విసెరా నివేదిక (శవపరీక్షలో తీసిన అవయవాల ల్యాబ్ నివేదిక) రాలేదని నమోదు ఆపడంలోనూ అర్థం లేదు, ఎందుకంటే ఇచ్చే నకలులో మరణ కారణం కనిపించకూడదని 17వ సెక్షనే అంటోంది. వారసులెవరో తేల్చుకురమ్మనడం మరీ విచిత్రం. వారసులను చూపేది తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, దానికి ముందు మరణ ధ్రువపత్రం జతచేయాలి. రిజిస్ట్రారు నిరాకరిస్తే 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేయొచ్చని, 90 రోజుల్లో తేల్చాలని సవరణలో ఉంది. కానీ నోటిమాటగా "కుదరదు" అంటే అప్పీలు దేనిమీద చేయాలి? నిరాకరణ ఏదైనా కారణంతో సహా కాగితం మీద ఇవ్వాలని ఆదేశించండి.

కడప, గోదావరి జిల్లాల, రాయచోటి ప్రాంతపు గల్ఫ్ కుటుంబాల గురించి ఒక మాట. కువైట్‌లోనో సౌదీలోనో చనిపోయినవారిని ఇక్కడి పంచాయతీ నమోదు చేయలేదు. అక్కడి భారత రాయబార కార్యాలయంలో చేసిన నమోదే 20వ సెక్షన్ ప్రకారం మన చట్టం కింద నమోదుతో సమానం. ఊళ్లో మళ్లీ ధ్రువపత్రం తెమ్మని పింఛను దరఖాస్తును వెనక్కి పంపొద్దని సచివాలయాలకు స్పష్టంగా రాయాలి. పార్థివ దేహంతో వచ్చే కాగితాల్లో ఆ నమోదు పత్రం ఉందో లేదో విమానాశ్రయంలోనే చూసుకోమని కుటుంబాలకు కూడా ఎవరైనా చెప్పాలి.

చివరగా ఒక చిన్న పని. ఎక్కడ చనిపోతే ఏ ఆఫీసు, ఎన్ని రోజుల గడువు, ఏ కాగితాలు, అప్పీలు ఎవరికి అన్నది ఒక పేజీలో తెలుగులో అచ్చువేయించి సచివాలయాల్లో, ఆసుపత్రి మార్చురీల దగ్గర, శ్మశాన వాటికల గోడలకు అంటించండి. శ్మశాన నిర్వాహకులు మరణ సమాచారం తెలియజేయాలని 10వ సెక్షన్‌లో ఇప్పటికే ఉంది. దహనం రసీదు వెనకే ఈ పేజీ అచ్చువేస్తే అది నేరుగా ఇంటికే చేరుతుంది.

ఇట్లు,
గ్రామాల్లో మరణ నమోదు దరఖాస్తులకు సాయపడే కార్యకర్తలు