అత్తాకోడళ్ళు వెళ్ళిపోయారు

నరసాపురం,
శనివారం రాత్రి

ఒరేయ్ బుజ్జీ,

తిట్టుకోకు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, తెలుసు. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, చిన్నదానికి పాలపళ్ళు ఊడుతున్నాయి, మీ ఇంటి ముందు వాలిన కొబ్బరిచెట్టు ఇంకా పడలేదు. ఇవే ఇక్కడి విశేషాలు. ఇక అసలు సంగతి విను.

మన పడవకి అత్తాకోడళ్ళని పీకేశాను!

అవే, పడవ వెనక తగిలించిన ఆ రెండు అవుట్‌బోర్డు పెట్రోలు ఇంజిన్లు. ఒకటి స్టార్టయితే రెండోది అలిగేది కదా. తాడు లాగి లాగి పోయిన వేసవిలో నా భుజం పట్టేసింది. ఇథనాల్ కలిసిన పెట్రోలు ట్యాంకులో నిలవుంటే తేమ పీల్చుకుని కార్బురేటర్‌ని తగలేసేది. సూరన్న చివరికి విసిగిపోయి, "ఇదేవన్నా బూరెల మూకుడాండీ, వారం వారం తోమడానికి?" అన్నాడు. రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు బాగుచేసే మనిషి కదా, మోటారు అంటే ఆయనకి ప్రాణం. "కాళ్ళు ఉంచేద్దాం, తలకాయలు మార్చేద్దాం" అన్నాడు.

అదే చేశాం. పైనున్న ఇంజిన్లు విప్పి, కింది కాళ్ళూ ప్రొపెల్లర్లూ అలాగే ఉంచి, పైన 4 కిలోవాట్ల మోటార్లు రెండు కూర్చోబెట్టాం. కప్లింగు భీమవరంలో లేతు మీద తిప్పించాం. తెరచాప ఎత్తినప్పుడు కాళ్ళు పైకి లేపేయొచ్చు, నీళ్ళలో ఈడ్చుకుపోవు. బ్యాటరీ 16 సెల్లులు, ఒక్కోటి 3.2 వోల్టులు, 280 ఆంపియర్ అవర్లు. మొత్తం 14 యూనిట్ల పైచిలుకు కరెంటు. లెక్కేస్తే గుండె జారింది రా. లీటరు పెట్రోల్లోనే 9 యూనిట్ల దాకా శక్తి ఉంటుంది. అంటే 90 కిలోల పెట్టె మోసేది లీటరున్నర పెట్రోలుకి! కాకపోతే అత్తాకోడళ్ళు అందులో ముప్పాతిక పైగా పొగకీ వేడికీ తగలేసేవాళ్ళు. ఎంతయిందని అడక్కు. మీ చెల్లాయికి చెప్పిన అంకె వేరు.

మొన్న ఆదివారం అంతర్వేది దాకా వెళ్ళాం, నేనూ సూరన్నా. నీళ్ళు సముద్రంలోకి తీసే పాటుతో పాటే దిగాం. చప్పుడు లేదు రా! మన జంట పడవ రెండు కడుపుల కింద నీళ్ళు గలగలమంటుంటే వినబడుతోంది. బొమ్మిడాయిల వల తీస్తున్నవాళ్ళు మాట్లాడుకునే మాటలు కూడా వినబడ్డాయి, మన గురించే. నాన్న ఉంటే... సర్లే.

దారిలో గుర్రపు డెక్క చుట్టుకుంది. మీటరు మీద ఆంపియర్లు ఒక్కసారిగా ఎగిరాయి. రివర్స్ తిప్పాను, డెక్క మొత్తం ఊడిపోయింది. ఒక మోటారు ముందుకీ ఒకటి వెనక్కీ పెడితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మూడుసార్లు తిప్పాను, ఊరికే.

ఇక్కడే తప్పు చేశాం. పోటు మొదలవగానే బయల్దేరాల్సింది. పల్లిపాలెంలో ఎవరో చేపల పులుసు పెట్టారు. తిన్నాం. మళ్ళీ తిన్నాం. సగం దారిలో పోటు అయిపోయి పాటు ఎదురైంది. చీకటి పడుతోంది. నేను ఫుల్లుగా ఇచ్చాను. 150 ఆంపియర్లు. సఖినేటిపల్లి రేవు కనబడుతుండగా టక్‌మని రెండూ ఆగిపోయాయి. లైట్లు సహా.

గాలి లేదు. తెరచాప ఎత్తితే తడిబట్టలా వేలాడింది. రేవు దాటించే పంటు ఇటే వస్తోంది, మనుషులూ మోటార్ సైకిళ్ళూ నిండుగా. నీ చెప్పు నీళ్ళలో పడ్డ రోజున అరిచిన సరంగే, మళ్ళీ అరిచాడు. చప్పుడు లేని పడవ, దీపం కూడా లేదు, ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది పాపం? లంగరు వేద్దామంటే తాడు పొట్టి. ఆ తాడు ఉయ్యాలకని ఎవరు కోసుకెళ్ళారో నేను అనను. సూరన్న తలపాగా విప్పి, దాన్ని ముడేసి దింపితే అప్పటికి నేల తగిలింది.

ఫోను లైటుతో పెట్టె తెరిచాం. వరసగా తడుముతూ వచ్చాడు. పదకొండో సెల్లు మీద వేలు పెట్టి "అబ్బా!" అని తీసేశాడు. నట్టు వదులు! రాగి పట్టీ సరిగా ఆనక, 150 ఆంపియర్లు లాగేసరికి అక్కడే వోల్టేజీ పడిపోతోంది. సెల్లు దండిగానే ఉంది, కానీ 2.5 వోల్టులకి దిగినట్టు కనబడేసరికి, ఖాళీ అయిపోయిందనుకుని బ్యాటరీ కాపలా బోర్డు మొత్తం కట్ చేసేసింది. నాలుగొందల ఇంజిన్ల చరిత్ర ఉన్న మనిషి, పానాతో ఒక్క తిప్పు తిప్పి, "ఇది నేనే బిగించానండి" అన్నాడు నెమ్మదిగా. నేనేమీ అనలేదు. బిగించమని టార్చి పట్టుకున్నది నేను, అప్పుడు క్రికెట్ స్కోరు చూస్తున్నాను.

మిగతా దూరం నెమ్మదిగా వచ్చాం. నెమ్మది మహిమ ఏంటంటే, వేగం సగానికి దింపితే గంటకయ్యే కరెంటు ఖర్చు దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. కానీ ఎదురు పాటులో సగం వేగమంటే ఒడ్డున చింతచెట్టు కదలదు రా, దాన్నే అరగంట చూశాం. ఇంటికొచ్చేసరికి పది. మీ చెల్లాయి గుమ్మంలో నిలబడి "చప్పుడు లేకుండా వచ్చారే" అంది. ఆ మాటెలా అందో నీకు తెలుసు.

ఇంకోటి చెప్పాలి. కాళ్ళు దించి తెరచాప మీద గట్టిగా వెళ్తే ప్రొపెల్లర్ తిరిగి బ్యాటరీ ఎక్కుతుందట, సూరన్న దాని మీద ఏదో... అదుగో, మస్కట్ వచ్చే కుర్రాడు బయట హారన్ కొడుతున్నాడు. ఈ ఉత్తరం, పూతరేకుల పెట్టె వాడికే ఇస్తున్నా. పెట్టె పైన లెక్క రాశాను, 20. తక్కువొస్తే వాణ్ణి అడు

నీ సత్తి